రోజూ తిరిగే కారుకి పెర్ఫార్మెన్స్ క్యామ్‌షాఫ్ట్: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడపల్లో పాత ఎస్టీమ్‌లు, జిప్సీలు, ఐకాన్‌లు, పాలియోలు, హోండా సిటీలు ముద్దుగా చూసుకునేవాళ్లు ఇప్పటికీ చాలామందే ఉన్నారు. వాళ్ల దగ్గర్నుంచి అవే డౌట్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయి కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. క్యామ్‌షాఫ్ట్ (క్యామ్) అంటే ఇంజిన్ వాల్వుల్ని తెరిచి మూసే కడ్డీ, దాని మీది ఉబ్బెత్తు భాగాలే లోబ్‌లు; పెర్ఫార్మెన్స్ క్యామ్ వాల్వుల్ని ఇంకా ఎక్కువగా, ఎక్కువసేపు తెరుస్తుంది. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. ఇదంతా ఆఫీసుకీ, పిల్లల స్కూలుకీ, ఆదివారం అత్తగారింటికీ తిరిగే బండి గురించి. ట్రాక్ బండి లెక్క వేరు.

## కొనకముందు

క్యామ్ మారిస్తే ఎంత పవర్ పెరుగుతుందన్నా?

పవర్ అంటే టార్క్‌ని (తిప్పే బలాన్ని) ఆర్‌పీఎంతో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లతో) గుణిస్తే వచ్చేది. మీ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం దగ్గర 100 న్యూటన్ మీటర్ల టార్క్ ఇస్తోందనుకోండి, అది దాదాపు 85 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత). కొత్త క్యామ్ చేసే పనల్లా అదే 100ని 6500 దాకా పడిపోకుండా నిలబెట్టడం, అప్పుడు లెక్క 92 దాటుతుంది. ఆ ఏడు పీఎస్ పైన, అంటే ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర వస్తున్నాయి, కింద కాదు. కింద ఉన్న టార్క్‌లోంచి కొంచెం తీసి పైన పెడుతుంది క్యామ్. మీరు కడప ఏడు రోడ్ల దగ్గర సెకండ్ గేర్‌లో 1500 మీద పాకుతూ "పికప్ ఏదీ" అంటే దొరకదు, పైగా ముందున్నంత కూడా ఉండకపోవచ్చు.

నాది డీజిల్ బండి, నాకేమైనా పనికొస్తుందా?

రాదు. డీజిల్ ఇంజిన్ 4500 దాటి తిరగడమే కష్టం, బలమంతా టర్బో, ఇంజెక్షన్ దగ్గర ఉంటుంది. ఆ డబ్బులతో ఇంజెక్టర్లు చెక్ చేయించి, ఇంటర్‌కూలర్ పైపుల్లో లీకులు చూపించుకోండి.

లక్షన్నర తిరిగిన ఇంజిన్‌కి వేయొచ్చా?

కిలోమీటర్లను బట్టి చెప్పలేం, కంప్రెషన్‌ని బట్టి చెప్పాలి. ఇంజిన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని, గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టించండి. నాలుగు సిలిండర్ల మధ్య తేడా పది శాతం లోపల ఉంటే ముందుకెళ్లొచ్చు. ఒకటి బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి: రీడింగ్ పెరిగితే రింగులు అరిగాయి, పెరగకపోతే వాల్వు సీటింగ్‌లోనో గాస్కెట్‌లోనో తేడా. రింగులు పోయిన ఇంజిన్‌కి కొత్త క్యామ్ వేస్తే పొగ మాత్రం ఇంకా ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర వస్తుంది, అంతే. వాల్వుల సమస్య అయితే మేలే, ఎటూ హెడ్ (వాల్వులుండే ఇంజిన్ పైభాగం) విప్పుతారు కాబట్టి వాల్వు గ్రైండింగ్, స్టెమ్ సీల్స్ అదే దెబ్బలో అయిపోతాయి.

వీవీటీ (వేరియబుల్ వాల్వ్ టైమింగ్) ఉన్న కొత్త బండికి?

వీవీటీ ఇంజిన్ క్యామ్ టైమింగ్‌ని తనంతట తానే ముందుకీ వెనక్కీ జరుపుకుంటుంది. పెద్ద క్యామ్ వేసి ఈసీయూలో (ఇంజిన్ కంప్యూటర్‌లో) పాత మ్యాప్‌నే, అంటే పాత సెట్టింగుల పట్టికనే ఉంచితే, అది క్యామ్‌ని బాగా ముందుకు జరిపినప్పుడు వాల్వు పిస్టన్‌కి తగిలే ప్రమాదం ఉంది. ఆ ఈసీయూని చదివి, ఫేజర్ (క్యామ్‌ని జరిపే భాగం) పరిధి తగ్గించి రాయగల ట్యూనర్ చేతిలో ఉంటేనే దిగండి. వారంటీలో ఉన్న బండైతే ఆలోచన కూడా వద్దు. ఇక టర్బో పెట్రోలు బండికి క్యామ్ అన్నది జాబితాలో చివరి మాట.

## క్యామ్ ఎంచుకునేటప్పుడు

క్యామ్‌తో వచ్చే కార్డు మీద ఇన్ని అంకెలున్నాయి, ఏం చూడాలి?

మూడు చూస్తే చాలు. లిఫ్ట్ అంటే వాల్వు ఎన్ని మిల్లీమీటర్లు తెరుచుకుంటుందో. డ్యూరేషన్ అంటే ఎంతసేపు తెరుచుకుని ఉంటుందో, దీన్ని క్రాంక్ డిగ్రీల్లో చెప్తారు (క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక చుట్టు, అందుకే మొత్తం సైకిల్ 720 డిగ్రీలు). మూడోది లోబ్ సెపరేషన్, ఇంటేక్ లోబ్‌కీ ఎగ్జాస్ట్ లోబ్‌కీ మధ్య కోణం.

మోసపోయేది డ్యూరేషన్ దగ్గరే. వాల్వు వెంట్రుకంత కదిలినప్పట్నుంచీ కొలిచి కొందరు 264 అని రాస్తారు, అదే క్యామ్‌ని ఇంకో కంపెనీ వేరే చోట మొదలుపెట్టి కొలిచి వేరే అంకె రాస్తుంది. 1 మిల్లీమీటర్ లిఫ్ట్ దగ్గర, లేదా అమెరికా వాళ్ల పద్ధతిలో 0.050 అంగుళం (1.27 మిల్లీమీటర్) దగ్గర కొలిచిన డ్యూరేషన్ ఎంతో అడగండి. రెండు క్యామ్‌లని పోల్చాలంటే రెండూ ఒకే లిఫ్ట్ దగ్గర కొలిచినవై ఉండాలి. ఆ అంకె చెప్పలేని అమ్మకందారు దగ్గర కొనకండి.

264 వేయాలా, 272 వేయాలా, 280 వేస్తే ఏమవుతుంది?

మీ మనసు 280 అంటుంది. 264 కొనండి.

వారం రోజులు టాకోమీటర్ మీద ఒక కన్నేసి నడపండి, ఏ ఆర్‌పీఎంలో ఎక్కువసేపు ఉంటున్నారో తెలుస్తుంది. ఊళ్లో రాజ్ విహార్ సెంటర్ దగ్గర, సప్తగిరి సర్కిల్ దగ్గర 1200 నుంచి 2500. 44వ నంబరు హైవే మీద కర్నూలు నుంచి గుత్తి వైపు వెళ్తుంటే టాప్ గేర్‌లో 2500 నుంచి 3500. అయిదు వేలు దాటేది ఓవర్‌టేక్ చేసే ఆ కాసేపే. 1.3 నుంచి 1.6 లీటర్ల ఇంజిన్‌కి క్యామ్ కంపెనీ చెప్పే డ్యూరేషన్ 260 దరిదాపుల్లో ఉంటే కింద పెద్దగా పోకుండా, పైన కొంచెం ఊపిరి వస్తుంది. 272 దగ్గర ఐడిలింగ్‌లో వణుకు మొదలవుతుంది, ఏసీ వేస్తే తెలుస్తుంది, ట్యూనింగ్ బాగుంటే సర్దుకుపోవచ్చు. 280 పైన కంప్రెషన్ పెంచి, గేర్ రేషియో మార్చి, ఎగ్జాస్ట్ మార్చి... అంటే బండి మొత్తం దాని చుట్టూ కట్టాలి.

ఇంకోటి. మీ ఈసీయూ 6500 దగ్గర పెట్రోలు కట్ చేస్తుంటే 7000 దగ్గర పీక్ ఇచ్చే క్యామ్ దేనికి? డౌట్ ఉన్నప్పుడల్లా ఒక సైజు కిందికే దిగండి. లిఫ్ట్ కొంచెం పెంచి డ్యూరేషన్ అదుపులో పెట్టిన క్యామ్ రోజువారీ బండికి ఎప్పుడూ మేలు.

ఐడిలింగ్‌లో గుడుగుడు సౌండ్ రావాలన్నా, దానికి ఏ క్యామ్?

ఆ సౌండ్ ఓవర్‌ల్యాప్ వల్ల వస్తుంది, అంటే ఇంటేక్, ఎగ్జాస్ట్ వాల్వులు రెండూ కాసేపు ఒకేసారి తెరుచుకుని ఉండటం. ఐడిలింగ్‌లో కాలిన పొగ కొంత వెనక్కి ఇంటేక్‌లోకి వచ్చి, ఒక్కో సిలిండర్ సరిగా మండక, ఇంజిన్ తడబడుతుంది. ఆ తడబాటే మీరు ముచ్చట పడుతున్న సౌండ్. లోబ్ సెపరేషన్ 106, 108 ఉంటే గట్టిగా వస్తుంది, 112 నుంచి 114 ఉంటే ఐడిలింగ్ నెమ్మదిగా ఉంటుంది. సౌండ్ కోసమే అయితే మంచి సైలెన్సర్ పెట్టించుకోండి, డబ్బూ మిగులుతుంది, సిగ్నల్ దగ్గర బండి ఆగిపోదు.

పాత క్యామ్‌నే రీగ్రైండ్ చేయిస్తే చాలా తక్కువకి అవుతుందంట, నిజమేనా?

నిజమే, పని తెలిసినవాళ్లు చేస్తే మంచి దారే. రీగ్రైండ్‌లో లోబ్ పైకి పెరగదు. కింది గుండ్రటి భాగాన్ని, అంటే బేస్ సర్కిల్‌ని, అరగదీసి లిఫ్ట్ పెంచుతారు. దాంతో క్యామ్‌కీ రాకర్‌కీ (లోబ్ కదలికని వాల్వుకి చేర్చే చిన్న చేయి) మధ్య సందు పెరుగుతుంది. స్క్రూ అడ్జస్ట్‌మెంట్ ఉన్న రాకర్లయితే ట్యాపెట్ సెట్టింగ్‌తో సరిపోతుంది, రాకర్ లేకుండా లోబ్ నేరుగా వాల్వు మీది గిన్నెని నొక్కే బకెట్ రకమైతే మందమైన షిమ్ములు (సందు సర్దే బిళ్లలు) వెతకాలి, అవి దొరకడం ఒక పెద్ద పని. లోబ్ పైన గట్టి పొర ఎంత లోతు ఉందో చూడకుండా అరగదీస్తే కింద మెత్తటి లోహం బయటపడి కొద్ది వేల కిలోమీటర్లకే లోబ్ గుండ్రంగా అయిపోతుంది. గ్రైండింగ్ తర్వాత మళ్లీ హార్డెనింగ్ చేస్తారా అని అడగండి.

లేత్ ఉన్న ప్రతి షాపులో ఇది కాదు. మాస్టర్ ప్రొఫైల్ పెట్టి తిప్పే క్యామ్ గ్రైండింగ్ మెషిన్ ఉండాలి. కోయంబత్తూరు, బెంగళూరు వైపు రేసింగ్ పనులు చేసేవాళ్లని అడగడం మంచిది. ఎవరైనా "గ్రైండర్ పట్టి సరిచేస్తా" అంటే నవ్వి వచ్చేయండి.

మన ఎండలకి ఏమైనా తేడా పడుతుందా?

పడుతుంది, ఈ విషయం పెద్ద ఊళ్ల సలహాల్లో ఎక్కడా కనపడదు. మే నెలలో 43, 44 డిగ్రీల ఎండలో బండి నిలబడి ఉన్నప్పుడు రేడియేటర్ ఫ్యాన్, ఏసీ కంప్రెసర్, ఆల్టర్నేటర్ మూడూ ఐడిలింగ్ మీదే పడతాయి. పెద్ద క్యామ్‌కి ఐడిలింగ్ దగ్గరే బలం తక్కువ. అందుకే హైదరాబాద్‌లో డిసెంబర్‌లో బాగా నడిచిన సెటప్ మన దగ్గర ఏప్రిల్‌లో ఏడిపిస్తుంది. రేడియేటర్ తీసి శుభ్రం చేయించి, ఫ్యాన్ రెండు స్పీడులూ పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, కూలెంట్ మార్చాకే క్యామ్ జోలికి వెళ్లండి.

హెడ్ స్కిమ్మింగ్ (అడుగు భాగం కొద్దిగా చెక్కించడం) చేయించి కంప్రెషన్ పెంచాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్త. మధ్యాహ్నం పూట కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాట్ ఫుల్ లోడుతో ఎక్కేటప్పుడు ఇంజిన్ టకటకా కొట్టిందంటే, ఆ దెబ్బలు పిస్టన్‌కే.

## తోడు పార్టులు

క్యామ్ ఒక్కటే కొంటే సరిపోదా? వాల్వు స్ప్రింగులు కూడా మార్చాలా?

లిఫ్ట్ గానీ, ఆర్‌పీఎం గానీ పెరుగుతుంటే మార్చాలి. స్ప్రింగు బలం చాలకపోతే పై ఆర్‌పీఎంలో వాల్వు లోబ్‌ని అనుసరించలేక గాల్లో తేలుతుంది, ఆ టైంలో పిస్టన్ పైకి వస్తే కథ ముగిసినట్టే. రెండో ప్రమాదం కాయిల్ బైండ్: వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనుకుపోవడం.

కొలవడం ఇంట్లోనే చేయొచ్చు. స్ప్రింగుని బిగించినప్పటి ఎత్తు వెర్నియర్‌తో తీసుకోండి, అందులోంచి కొత్త క్యామ్ లిఫ్ట్ తీసేయండి. స్ప్రింగుని బెంచ్ వైస్‌లో పూర్తిగా నొక్కితే ఎంత ఎత్తుందో అది కూడా కొలవండి. ఉదాహరణకి బిగించిన ఎత్తు 34 మిల్లీమీటర్లు, లిఫ్ట్ 9.5, మిగిలింది 24.5. పూర్తిగా నొక్కితే 24 వచ్చిందంటే అర మిల్లీమీటరే సందు, అది చాలదు, కనీసం ఒక మిల్లీమీటర్ ఉండాలి. రిటైనర్ (స్ప్రింగుని పట్టి ఉంచే పై బిళ్ల) కింది అంచు స్టెమ్ సీల్‌కి తగలకుండా ఉందో లేదో కూడా అప్పుడే చూసేయండి. అలాగని దొరికిన అన్నిటికన్నా గట్టి స్ప్రింగులు వేయకండి, లోబ్‌లూ రాకర్లూ త్వరగా అరిగిపోతాయి.

పెద్ద క్యామ్ వేస్తే బ్రేకు గట్టిపడుతుందంట, ఎందుకు?

బ్రేకు బూస్టర్ పనిచేసేది ఇంజిన్ ఇంటేక్‌లోని వాక్యూమ్ మీద. స్టాక్ ఇంజిన్, అంటే ఏ మార్పూ చేయనిది, ఐడిలింగ్‌లో దాదాపు 18 నుంచి 20 అంగుళాల (పాదరసం కొలతలో) వాక్యూమ్ ఇస్తుంది, ఓవర్‌ల్యాప్ పెరిగే కొద్దీ అది పడిపోతుంది. ఇరుకు సందులో మూడు నాలుగు సార్లు వెంటవెంటనే బ్రేకు తొక్కితే చివరిసారి పెడల్ రాయిలా తగులుతుంది. క్యామ్ వేశాక మొదటి పని, ఖాళీ స్థలంలో నెమ్మదిగా వెళ్తూ వరసగా అయిదారు సార్లు బ్రేకు కొట్టి చూడటం. పెడల్ గట్టిపడితే బూస్టర్ పైపు, వన్ వే వాల్వు మార్చి చూడండి. అప్పటికీ అంతే అయితే వాక్యూమ్ పంపు పెట్టాలి, లేదా క్యామ్ సైజు తగ్గించాలి. దీంట్లో సర్దుకుపోవడం అనేది లేదు.

ఓపెన్ ఎయిర్ ఫిల్టర్, హెడర్ కూడా వేసేయనా?

హెడర్ (ఇంజిన్ నుంచి పొగ తీసుకెళ్లే పైపుల సెట్) వేయండి, నాలుగు పైపులు రెండుగా, ఆ రెండూ ఒకటిగా కలిసే 4-2-1 రకమైతే మధ్య ఆర్‌పీఎంలో టార్క్ నిలబెడుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకకండి.

ఓపెన్ ఫిల్టర్ మాత్రం మన దగ్గర వద్దంటాను. తాడిపత్రి, బేతంచెర్ల చుట్టుపక్కల తిరిగేవాళ్లకి చెప్పక్కర్లేదు, బండలు కోసే ఫ్యాక్టరీల పొడి రోడ్డు మీద తెల్లగా పేరుకుని ఉంటుంది. ఆ పొడి సిలిండర్ గోడలకి ఎమెరీ పేపరే. పైగా ఓపెన్ ఫిల్టర్ బానెట్ కింది వేడిగాలిని పీలుస్తుంది. కంపెనీ బాక్స్‌నే ఉంచి, మంచి కాగితం ఫిల్టర్ వేసి, కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మార్చేయండి.

అడ్జస్టబుల్ క్యామ్ పుల్లీ అవసరమా?

రీగ్రైండ్ క్యామ్ వేసినా, హెడ్ స్కిమ్మింగ్ చేయించినా అవసరమే. హెడ్ ఎత్తు తగ్గితే బెల్టు మీద క్యామ్ టైమింగ్ కొద్దిగా జరుగుతుంది, పుల్లీ ఉంటే దాన్ని సరిచేసుకోవచ్చు. కొద్ది డిగ్రీలు ముందుకు జరిపితే కింద టార్క్, వెనక్కి జరిపితే పైన పవర్. ఊళ్లో తిరిగే బండికి రెండు డిగ్రీలు ముందుకే మొగ్గండి.

## బిగించేటప్పుడు

వాల్వు పిస్టన్‌కి తగులుతుందేమోనని టెన్షన్‌గా ఉంది, ఎలా తెలుసుకోవాలి?

పిల్లలు ఆడుకునే క్లే చాలు. హెడ్ విప్పి ఉన్నప్పుడు ఒకటో సిలిండర్ పిస్టన్ మీద, వాల్వులు దిగేచోట, క్లే ముద్ద పెట్టండి. వాల్వు ముఖానికి కొంచెం నూనె రాయండి, లేకపోతే అతుక్కుపోతుంది. పాత గాస్కెట్‌తోనే హెడ్ పెట్టి, బోల్టులు బిగించి, బెల్టు మార్కులు కలిపి, ట్యాపెట్ సందు సరిచేసి, క్రాంక్‌ని స్పానర్‌తో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పండి. సెల్ఫ్ కొట్టకండి. ఎక్కడైనా గట్టిగా ఆగితే బలవంతం చేయకుండా అక్కడే వదిలేయండి. తర్వాత హెడ్ తీసి, క్లే మీద పడ్డ అచ్చుని బ్లేడుతో అడ్డంగా కోసి, బాగా పల్చగా ఉన్నచోట వెర్నియర్ పెట్టండి. ఇంటేక్ వైపు 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు 2.5 ఉంటే నిశ్చింతగా పడుకోవచ్చు. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి ఎక్కువ సాగుతుంది కాబట్టే దానికి ఎక్కువ సందు. పాత గాస్కెట్ కొలతకి మాత్రమే, ఫైనల్‌గా బిగించేటప్పుడు కొత్తది వేయాలి.

బెల్టు ఒక పన్ను అటూ ఇటూ అయితే ఏమవుతుంది? మా మెకానిక్ ఏం కాదంటున్నాడు.

క్యామ్ పుల్లీకి 40 పళ్లున్నాయనుకోండి. ఒక పన్ను అంటే క్యామ్ మీద 9 డిగ్రీలు, క్రాంక్ మీద 18. పుల్లీని రెండు డిగ్రీలు జరిపితేనే తేడా తెలిసే పనిలో 18 డిగ్రీలు "ఏం కాదు" అవుతుందా? అందుకే మార్కులు కలిశాయా లేదా అన్నది ఒక చెక్ మాత్రమే. డిగ్రీ చక్రం, డయల్ గేజ్ పెట్టి, ఇంటేక్ లోబ్ శిఖరం కార్డులో రాసిన డిగ్రీ దగ్గరే వస్తోందో లేదో చూడాలి. అవి లేకుండా బిగిస్తే కొన్న క్యామ్ ఏదైనా, నడిచేది అంచనా మీదే.

మన ఊరి మెకానిక్‌తో చేయించొచ్చా, బెంగళూరు పోవాలా?

హెడ్ పని మన ఊళ్లోనే శుభ్రంగా చేసే మెకానిక్‌లు ఉన్నారు, రోజూ చేసేదే అది. అడగాల్సినవి రెండే: టార్క్ రెంచ్ వాడతాడా, డయల్ గేజ్ ఉందా. ట్యూనింగ్‌కి మాత్రం డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) ఉన్నచోటికి వెళ్లాలి, అనంతపురం వాళ్లకి బెంగళూరు, కర్నూలు వాళ్లకి హైదరాబాద్ దగ్గర. అప్పటిదాకా బండిని మెల్లగా నడపండి, లేదా ట్రక్కు మీద పంపండి.

## మొదటి స్టార్ట్, ట్యూనింగ్

కొత్త క్యామ్ వేశాక మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు ఏం చేయాలి?

లోబ్ మీద రాకర్ జారుతూ నడిచే రకమైతే మొదటి 20 నిమిషాల్లోనే దాని ఆయుష్షు తేలిపోతుంది. లోబ్‌లకి అసెంబ్లీ పేస్ట్ నిండుగా పూయండి. ప్లగ్గులు తీసి, పెట్రోలు పంపు రిలే పీకి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. అప్పుడు ప్లగ్గులు బిగించి స్టార్ట్ చేసి, ఐడిలింగ్‌కి వదలకుండా వెంటనే 2000 నుంచి 2500 మధ్య పెంచుతూ తగ్గిస్తూ 20 నిమిషాలు నడపండి. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు చేయండి, ముందు ఒక టేబుల్ ఫ్యాన్ పెట్టండి. తర్వాత ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేయాలి. జింక్ ఎక్కువున్న బ్రేక్ ఇన్ ఆయిల్ దీనికే వాడాలి, ఎప్పుడూ అదే పోస్తే కన్వర్టర్ పాడవుతుంది. ఐకాన్ రోకామ్ లాంటి రోలర్ ఫాలోయర్ ఇంజిన్లకి ఈ తంతు అవసరం లేదు.

ఈసీయూ ట్యూనింగ్ తప్పదా?

చిన్న క్యామ్ అయితే బండి నడుస్తుంది, కానీ మీరు పెట్టిన డబ్బుకి సగమే దొరుకుతుంది. మన పాత బండ్లలో చాలావాటికి మ్యాప్ సెన్సర్ (ఇంటేక్ ప్రెజర్ కొలిచేది, ఈసీయూ మ్యాప్ వేరు) ఉంటుంది, అది ఇంటేక్‌లో వాక్యూమ్ చూసి గాలి ఎంత వస్తోందో అంచనా వేస్తుంది. క్యామ్ వల్ల వాక్యూమ్ పడిపోతే, ఇంజిన్ మీద లోడు పడిందనుకుని పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ప్లగ్గులు నల్లబడతాయి, వాసన వస్తుంది, ఏసీ వేయగానే ఆగిపోతుంది. ట్యూనర్ ఐడిలింగ్‌ని 900, 950 దాకా పెంచి, పెట్రోలు, ఇగ్నిషన్ టేబుళ్లు రెండూ సరిచేయాలి.

ఇప్పుడు బంకుల్లో పోసేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. మామూలు పెట్రోలుకి గాలి నిష్పత్తి (ఒక పాలు పెట్రోలుకి ఎన్ని పాళ్ల గాలి) 14.7 అయితే దీనికి 13.5 దరిదాపుల్లో ఉంటుంది. ట్యూనర్ 14.7 అంకె పట్టుకు కూర్చోకుండా లాంబ్డా (ఆ పెట్రోలుకి కావాల్సిన గాలితో పోలిస్తే ఎంత గాలి ఉందో చెప్పే అంకె) చూసి పనిచేయాలి. పాత బండైతే ఫ్యూయల్ పైపులు కూడా ఒకసారి వంచి చూడండి, పగుళ్లుంటే మార్చేయండి.

## వేశాక, రోజువారీ

మైలేజ్ ఎంత పడిపోతుంది?

చిన్న క్యామ్, మంచి ట్యూనింగ్ ఉంటే హైవే మీద పెద్ద తేడా ఉండదు. ఊళ్లో తగ్గుతుంది. మొదటి నెల మాత్రం బాగా తగ్గుతుంది, దానికి కారణం క్యామ్ కాదు, మీ కుడికాలు.

పొల్యూషన్ సర్టిఫికెట్ వస్తుందా? ఆర్‌టీఓ పట్టుకుంటే?

పొల్యూషన్ టెస్టులో ఐడిలింగ్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ కొలుస్తారు: బీఎస్2, బీఎస్3 పెట్రోలు కార్లకి 0.5 శాతం, బీఎస్4కి 0.3 శాతం పరిమితి. ఓవర్‌ల్యాప్ ఎక్కువున్న క్యామ్ సరిగ్గా ఇక్కడే దొరికిపోతుంది. చిన్న క్యామ్, పనిచేసే కన్వర్టర్ ఉంటే పాసవుతుంది.

చట్టం సంగతి: మోటారు వాహనాల చట్టం 1988లో సెక్షన్ 52 ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. క్యామ్ బయటికి కనపడదు కదా అని చాలామంది ధైర్యం. ప్రమాదం జరిగి ఇన్సూరెన్స్ సర్వేయర్ బానెట్ ఎత్తినప్పుడు ఆ ధైర్యం పనిచేయదు. ఇది తెలిసే దిగండి.

తీసేసిన పాత క్యామ్‌ని అమ్మేయనా?

అమ్మకండి. లోబ్‌లకి నూనె రాసి, ప్లాస్టిక్‌లో చుట్టి దాచండి. రాకర్లు కూడా మారుస్తుంటే, పాతవాటిని ఏ సిలిండర్‌వి దానికి నంబరు రాసి వేర్వేరు కవర్లలో పెట్టండి, ఎందుకంటే ఏ లోబ్ మీద అరిగింది ఆ లోబ్‌కే సరిపోతుంది, కలిపేస్తే రెండూ పాడవుతాయి. బండి అమ్మేటప్పుడు కొనేవాడు చాలావరకు స్టాక్ ఇంజినే అడుగుతాడు.